బ్రేక్ పైపు నడిచి వచ్చిన నూరేళ్లు

పాత అంబాసిడర్‌నో విల్లీస్ జీపునో కొని, తీరిక దొరికినప్పుడల్లా దాని కింద దూరి, మళ్లీ రోడ్డెక్కించాలని చూసేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. ఇంజన్ బోరు చేయిస్తారు. అసలు రంగు కోసం వారాల తరబడి తిరుగుతారు. డాష్‌బోర్డు మీటలు ఏ ఊళ్లో దొరుకుతాయంటే ఆ ఊరు వెళ్తారు. బ్రేక్ పైపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒకటి వేసెయ్యండి’ అనే మాట వినిపిస్తుంది. పెన్సిల్ కన్నా సన్నటి ఆ గొట్టం మీద అంత చిన్నచూపు తగదు. దాని లోహం, దాని మందం, దాని చివర మడత ఒక్కరోజులో తేలినవి కావు. అది కారింది, పగిలింది, తుప్పు పట్టింది. ఒక్కో దెబ్బకి ఒక్కో జవాబు వెతుక్కుంటూ నూరేళ్లు నడిచింది. ఆ నడక తెలిసినవాడు కొట్లో పైపు కొనేటప్పుడు మోసపోడు.

తొలి కార్లలో బ్రేకంటే ఇనుప కడ్డీలూ తీగలే. పెడల్ తొక్కితే కడ్డీ లాగుతుంది, చక్రం దగ్గర పట్టీ బిగుస్తుంది. వెనక చక్రాలకే బ్రేకులున్నంత కాలం దానితో సరిపెట్టుకున్నారు. నాలుగు చక్రాలకీ బ్రేకు కావాలన్నప్పుడే చిక్కు వచ్చింది. నాలుగు కడ్డీలూ ఒకే బలంతో లాగాలి, ఒక్కటి కొంచెం ముందు పట్టినా బండి ఆ పక్కకి ఈడ్చుకుపోతుంది. పైగా ముందు చక్రాలు తిరుగుతాయి, ఎగిరెగిరి పడతాయి. వాటి వెంట కడ్డీ ఎలా తిరుగుతుంది?

దీనికి జవాబు ఫ్రాన్స్‌లో పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పి ఉంచాడు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకీ సమానంగా పాకుతుంది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా 1795లో ఈ సూత్రంతోనే హైడ్రాలిక్ ప్రెస్సుకి పేటెంట్ తీసుకున్నాడు. అక్కడ కూడా అసలు తలనొప్పి ద్రవం కారకుండా ఆపడమే. తోలుతో చేసిన గిన్నెలాంటి సీలు ఆ పని చేసింది.

ఈ సూత్రాన్ని కారు చక్రాల దాకా తెచ్చిన మనిషి అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్. విమానాల కంపెనీకి పేరిచ్చిన అలన్ లాక్‌హీడ్‌కి ఈయన అన్న. 1917లో హైడ్రాలిక్ బ్రేకుకి పేటెంట్ పొందాడు. ఆ బ్రేకు సత్తా ప్రపంచానికి తెలిసింది 1921 జులైలో. ఫ్రాన్స్‌లోని లె మాన్స్ దగ్గర జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి పందెంలో జిమ్మీ మర్ఫీ నడిపిన డ్యూసెన్‌బర్గ్ కారు గెలిచింది. రోడ్డంతా రాళ్లు లేచిపోయిన ఆ పందెంలో, నాలుగు చక్రాలకీ ద్రవంతో పనిచేసే బ్రేకులు ఉండటం ఆ కారుకి బాగా కలిసొచ్చింది. అదే ఏడాది డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ ఆ బ్రేకులతోనే అమ్మకానికి వచ్చింది. అది శ్రీమంతుల బండి. మామూలు మధ్యతరగతి కొనగలిగే ధరలో వాటిని ఇచ్చింది 1924లో వచ్చిన క్రైస్లర్ సిక్స్. లాక్‌హీడ్ సిలిండర్లలో సీళ్లు తోలువి, అవి కారేవి. క్రైస్లర్ ఇంజనీర్లు వాటిని తీసేసి రబ్బరు కప్పులు పెట్టారు. ఇవాళ మెకానిక్కు ‘కిట్ మార్చాలి’ అంటే చేతిలోకి తీసుకునే నల్లటి రబ్బరు ఆ మార్పు నుంచి వచ్చిందే.

హెన్రీ ఫోర్డ్ మాత్రం నమ్మలేదు. ఆయన కార్లకి 1938 మోడళ్ల దాకా కడ్డీ, తీగ బ్రేకులే. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో చవక రకానికి 1962 దాకా తీగ బ్రేకులే ఉన్నాయి. ఫోర్డ్‌ది ఉత్త మొండితనమని చాలామంది రాశారు. నాకు అలా అనిపించదు. కడ్డీ ఒకటి తెగితే ఒక చక్రం పోతుంది. ఒకే దారిలో నాలుగు చక్రాలకీ ద్రవం వెళ్లే బండిలో ఎక్కడ పైపు పగిలినా నాలుగూ ఒకేసారి పోతాయి. ఫోర్డ్ భయపడ్డది దీనికే. ఆ భయానికి పూర్తి జవాబు దొరకడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

ఇక గొట్టం సంగతి. తొలి రోజుల్లో రాగి గొట్టాలు వాడారు. రాగి చేత్తో వంగుతుంది, చివర సులువుగా విచ్చుకుంటుంది, తుప్పు పట్టదు. చూడ్డానికి ఇంతకన్నా మంచిది లేదనిపిస్తుంది. కానీ రాగికి ఒక గుణముంది. మాటిమాటికీ కదిలిస్తే గట్టిపడి పెళుసవుతుంది. కారు కింద ఇంజన్ అదురు, రోడ్డు కుదుపు ఏళ్ల తరబడి ఉంటాయి. నట్టు వెనక, క్లిప్పు అంచున రాగి అలసిపోయి సన్నగా చీలుతుంది. బయటికి కనపడని ఆ చీలిక పెడల్ గట్టిగా తొక్కిన రోజునే తెరుచుకుంటుంది.

ఆ ఒత్తిడి ఎంతో ఒకసారి లెక్కేద్దాం. పెడల్ మీద 50 కిలోల బలం పెడితే, పెడల్ పొడవు వల్ల అది అయిదు రెట్లయి 250 కిలోలవుతుంది. పెడల్ బలాన్ని ద్రవం మీదికి మోపే మాస్టర్ సిలిండర్ ముప్పావు అంగుళం వ్యాసమైతే దాని పిస్టన్ వైశాల్యం సుమారు 2.85 చదరపు సెంటీమీటర్లు. అంటే గొట్టంలో చదరపు సెంటీమీటరుకి దాదాపు 88 కిలోలు. లారీ టైరులో ఉండే గాలి ఇందులో పదో వంతు కూడా ఉండదు.

డెట్రాయిట్‌లో హ్యారీ బండీ 1922లో పెట్టిన కంపెనీ చేసిన గొట్టం ఈ ఒత్తిడికి సరిగ్గా కుదిరింది. పలుచని ఉక్కు పట్టీకి రాగి పూత పూసి, దాన్ని రెండు చుట్లు గొట్టంగా చుట్టి, కొలిమిలో కాల్చారు. రాగి కరిగి రెండు పొరల మధ్య అతుక్కుంది. ఉక్కు బలం, రెండు గోడల భద్రత, వంగే గుణం మూడూ ఒక్కచోట దొరికాయి. బయటి వ్యాసం 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్లు. గోడ మందం 0.7 మిల్లీమీటర్లు. అంత సన్నం ఎందుకని అడగవచ్చు. ఈ గొట్టంలో ద్రవం పారాల్సిన పని దాదాపు లేదు, ఒత్తిడి చేరితే చాలు. గొట్టం సన్నగా ఉన్నకొద్దీ అదే గోడ ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది. ప్రపంచంలో ఎక్కువ కార్లు దశాబ్దాల పాటు నడిచింది ఈ రెండు గోడల ఉక్కు గొట్టం మీదే. బ్రేక్ పైపుని బండీ ట్యూబ్ అని పిలిచే అలవాటు అందుకే పడింది.

గొట్టం గట్టిదైతే సరిపోదు, చివర కూర్చునే తీరు కూడా అంతే ముఖ్యం. ఉక్కు గొట్టం చివర ఒక్కసారి విప్పితే అంచు చీలుతుంది. అందుకని అమెరికా పద్ధతిలో ముందు లోపలికి మడిచి, తరువాత 45 డిగ్రీల కోణంలో విప్పుతారు. సీటు మీద రెండు పొరల లోహం కూర్చుంటుంది. యూరప్ కార్లలో ఎక్కువగా చివరను చిన్న బుడగలా ఉబ్బించే పద్ధతి స్థిరపడింది. ఒకదాని నట్టులోకి ఇంకోదాన్ని బిగిస్తే మొదట్లో ఆగినట్టే ఉంటుంది, తరువాత చెమ్మ కనిపిస్తుంది. పాత బండి బాగుచేసేవాడికి దీన్ని మించిన ప్రమాదం మరలో ఉంది. ఇంగ్లండ్, అమెరికా వంశపు బండ్లలో తరచుగా 3/8 అంగుళం, అంగుళానికి 24 మరల నట్టు ఉంటుంది. మిల్లీమీటర్ల బండ్లలో సాధారణంగా 10 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు మర. కంటికి రెండూ ఒకటే. 3/8 నట్టు 10 మిల్లీమీటర్ల రంధ్రంలోకి వదులుగా దిగుతుంది కూడా. పాత నట్టు వెంట తీసుకెళ్లి కొలిపించి కొనడమే దీనికి మందు.

1953లో జాగ్వార్ సి-టైప్ లె మాన్స్ పందెం డిస్క్ బ్రేకులతో గెలిచాక గొట్టం మీద భారం పెరిగింది. డ్రమ్ములో షూ తిరిగే డ్రమ్ము వల్ల తనంతట తానే కొంత బిగుస్తుంది. డిస్కుకి ఆ సాయం లేదు, ఒత్తిడి ఎక్కువ కావాలి. ఆ తరువాత కొన్నేళ్లకి ఫోర్డ్ భయానికీ జవాబు దొరికింది. 1962 మోడళ్లలో క్యాడిలాక్ రెండు గదుల మాస్టర్ సిలిండర్ తెచ్చింది. ఒక దారి పగిలినా రెండోది పని చేస్తుంది. 1966లో వోల్వో 140లో ఒక్కో దారికీ ముందు చక్రాలు రెండూ, వెనక చక్రం ఒకటీ కలిపారు. ఒకటి పోయినా మూడు చక్రాలకి బ్రేకు మిగులుతుంది. నా దృష్టిలో బ్రేక్ పైపు చరిత్రలో ఇంతకన్నా తెలివైన గీత ఎవరూ గియ్యలేదు. 1968 నుంచి అమెరికాలో రెండు దారుల బ్రేకు చట్టమైంది.

పగలడం నుంచి బయటపడ్డాక మిగిలిన శత్రువు తుప్పు. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బండి కింద పేరుకుని ఉక్కు గొట్టాన్ని తినేస్తుంది. సీసం, తగరం కలిపిన పూత, జింకు పూత, దాని మీద ప్లాస్టిక్ పూత, ఆ తరువాత నైలాన్ పూత ఇలా వరసగా వచ్చాయి. వోల్వో వేరే దారి పట్టింది. ఓడల్లో సముద్రపు నీళ్లు పారే గొట్టాలకి వాడే రాగి-నికెల్ మిశ్రమాన్ని 1976 నుంచి బ్రేక్ పైపుకి తెచ్చింది. అందులో నికెల్ సుమారు 10 శాతం, ఇనుము ఒకటిన్నర శాతం లోపు, మిగతాది రాగి. మన పాత రూపాయి నాణెం లోహానికి ఇది దగ్గరి చుట్టం. ఇది రాగిలా వంగుతుంది కానీ రాగిలా అదురుకి అలసిపోదు. తుప్పు దాని జోలికి రాదు. ధర ఎక్కువ కాబట్టి చాలా కంపెనీలు పూతల ఉక్కుతోనే సాగాయి. దాని ఫలితం అమెరికాలో కనిపించింది. 1999–2003 నాటి జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో బ్రేక్ పైపులు తుప్పు పట్టి పగులుతున్నాయని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ విచారణ జరిపింది. 2015లో దాన్ని ముగిస్తూ, ఇది తయారీ లోపం కాదు, వయసు వల్ల వచ్చే అరుగుదల అని తేల్చింది. బండి కింద కడుక్కోండి, పైపులు పరీక్ష చేయించుకోండి అని యజమానులకి చెప్పింది. పాత బండి ఉన్న ప్రతివాడూ ఆ మాట తనకే చెప్పారనుకోవాలి.

మన దేశంలోకి ఈ కథ జీపుల మీద వచ్చింది. 1941 నాటి విల్లీస్ యుద్ధపు జీపుకే హైడ్రాలిక్ బ్రేకులున్నాయి, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా దాని వారసుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. 1950ల్లో ఉత్తరపారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్ 1100, తరువాత దాని నుంచి పద్మిని వచ్చాయి. 1962లో టీవీఎస్, ఇంగ్లండ్ లూకాస్ కలిసి మద్రాసులో బ్రేక్స్ ఇండియా పెట్టాక విడిభాగాలు ఇక్కడే తయారయ్యాయి. పాత అంబాసిడర్లు, పద్మినులు ఒకే దారి బ్రేకుతో తిరిగినవే. అందుకే వాటి పైపు విషయంలో రాజీ పనికిరాదు. మనకి మంచు ఉప్పు లేదు, కానీ విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలోనే ఉప్పుంది. వానాకాలం బురద క్లిప్పుల వెనక చేరి ఆరదు. పైపు బయటికి బాగానే కనిపిస్తుంది, క్లిప్పు తీస్తే గుంటలు పడి ఉంటుంది.

ఇప్పుడు ఏది కొనాలంటే, దొరికితే రాగి-నికెల్, లేదంటే పూత ఉన్న రెండు గోడల ఉక్కు. స్టెయిన్‌లెస్ స్టీలు అందంగా ఉంటుంది కానీ గట్టిది. గొట్టం చివర విప్పే మామూలు ఫ్లేరింగ్ సెట్టుతో రెండు మడతలు వేస్తే అంచు చీలుతుంది. 37 డిగ్రీల కోణం, దానికి తగిన నట్లు, మెత్తబరిచిన అతుకులేని గొట్టం ఉంటేనే దాని జోలికి వెళ్లాలి. ఏసీ పని చేసేవాళ్ల దగ్గర చవకగా దొరికే రాగి పైపు ఎంత మెరిసినా వద్దు. మధ్యలో కంప్రెషన్ జాయింటు వద్దు, వెల్డింగ్ అతుకు అసలే వద్దు.

బిగించేటప్పుడు పాత పైపుని వంకరతో సహా ఊడదీసి, దాన్నే నమూనాగా పెట్టుకోవాలి. హాక్సా వద్దు, ట్యూబ్ కట్టరుతో కొయ్యాలి. కోసినచోట లోపలికి లేచిన అంచు గీకి, ఊది శుభ్రం చెయ్యాలి. మడత వెయ్యకముందే నట్టు ఎక్కించాలి, లేదంటే మడత కోసేసి మళ్లీ మొదలే. బెండరుతో వంచితే గొట్టం నలగదు. సైలెన్సరుకి దూరంగా, స్ప్రింగులకి తగలకుండా నడిపించి, దగ్గర దగ్గరగా క్లిప్పులు వెయ్యాలి. రేకులోంచి వెళ్లేచోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. మాస్టర్ సిలిండర్ దగ్గర కొన్ని బండ్లలో పైపుకి ఒకటి రెండు చుట్లు ఉంటాయి, అవి అలంకారం కాదు, అదురుని మింగడానికి. వాటిని తీసెయ్యకండి. తరువాత బండి పుస్తకం చెప్పిన బ్రేక్ ఆయిల్ పోసి గాలి తియ్యాలి. మన కుడిచేతి డ్రైవింగు బండ్లలో సాధారణంగా ఎడమ వెనక చక్రం నుంచి మొదలుపెడతారు. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క కలిసినా రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. చివరికి ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు లైటు వేసుకుని ప్రతి నట్టూ చూడాలి.

2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది, బండి అసలు రూపం చెడకూడదని అందులో ఉంది. ఆ రూపానికి కొత్త బ్రేక్ పైపులు ఏ హానీ చెయ్యవు. పాత బండి కొన్నవాళ్లకి నా విన్నపం ఒక్కటే. రంగు వేయించే ముందు, సీట్లు కుట్టించే ముందు, మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాల దాకా పైపులూ, వాటి చివరి రబ్బరు హోసులూ మొత్తం మార్చండి. కారిన చోట ఒక్క ముక్క మార్చి ఊరుకోకండి, పక్క ముక్క వయసూ అంతే.