ఒకే కంప్యూటర్, రెండు పైథాన్‌లు

'గద్వాల' అన్న పేరు పొడవెంతో పైథాన్ 2ను అడిగితే 18 అంటుంది. పైథాన్ 3ను అడిగితే 6 అంటుంది. పాతది ఆ మాటను బైట్లుగా లెక్కపెట్టేది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. కొత్తది యూనికోడ్ గుర్తులనే లెక్కపెడుతుంది: గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల. తెలుగు రాతతో పనిచేసేవాళ్లకు 2008 డిసెంబర్ 3న విడుదలైన పైథాన్ 3 నిజంగా వరమే. అయితే అంతకుముందు రాసుకున్న ప్రోగ్రాములు చాలామటుకు అందులో నడవలేదు. ప్రింట్ పక్కన బ్రాకెట్లు తప్పనిసరయ్యాయి. ఐదును రెండుతో భాగిస్తే రెండు వచ్చే చోట రెండున్నర రావడం మొదలైంది. 2015లో ఆపేద్దామనుకున్న పైథాన్ 2ను 2020 జనవరి 1 దాకా సాకవలసి వచ్చింది. అంటే పదకొండేళ్లపాటు ఎంతోమందికి రెండూ కావాల్సివచ్చాయి, అదీ ఒకే మెషీన్‌లో.

ఈ అవసరం మన పాలమూరు వైపు కొత్తేమీ కాదు. వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో 1959 నుంచి నడుస్తున్న కె.డి.ఆర్. పాలిటెక్నిక్ మొదలు గద్వాల, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీల దాకా, చదువుకే వెర్షన్లున్నాయి. పాలిటెక్నిక్ వాళ్లకు సి-18, సి-21. జేఎన్‌టీయూ వాళ్లకు ఆర్-18, ఆర్-22. కొత్త రెగ్యులేషన్ వచ్చినంత మాత్రాన పాతది మాయం కాదు. బ్యాక్‌లాగ్ మిగిలినవాళ్లు పాత సిలబస్‌లోనే సప్లీ రాస్తారు. కంప్యూటర్‌లోనూ జరగాల్సింది అదే: కొత్తది రావాలి, పాతదానితో పనున్నవాళ్లకు పాతదీ దొరకాలి.

సి నేర్చుకున్న ఒక తరానికి దీని మొదటి రుచి టర్బో సి దగ్గర తగిలింది. బోర్లాండ్ సంస్థ 1987లో తెచ్చిన ఆ కంపైలర్ 16 బిట్ల డాస్ కాలానిది. 64 బిట్ల విండోస్‌లో అది తెరుచుకోదు. అందుకని డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంతో కొత్త కంప్యూటర్‌లోనే ఒక పాత కంప్యూటర్‌ను సృష్టించి, దాంట్లో టర్బో సి నడిపారు. పని జరిగింది. కానీ ఒక్క పాత పనిముట్టు కోసం మొత్తం పాత యంత్రాన్నే మోయడం బరువు పద్ధతి.

తేలిక పద్ధతికి పునాది 1979లోనే పడింది. ఆ ఏడాది వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్ పాథ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను అందరికీ అలవాటు చేసింది. ఏ ఫోల్డర్లలో, ఏ వరుసలో ప్రోగ్రామును వెతకాలో చెప్పే జాబితా అది. మనం పైథాన్ అని టైప్ చేస్తే ఆ వరుసలో ముందు కనిపించిన పైథానే నడుస్తుంది. కాబట్టి ఇరవై వెర్షన్లు ఇరవై ఫోల్డర్లలో ఉన్నా గొడవ లేదు, వరుసలో ఏది ముందుందన్నదే ప్రశ్న. వెర్షన్ మేనేజర్లన్నీ ఆ వరుసను మన తరఫున మార్చిపెట్టేవే.

1991లో జాన్ ఫర్లానీ దీన్నొక పద్ధతిగా మలిచి, మాడ్యూల్స్ అనే సాధనంగా సిస్టం నిర్వాహకుల లీసా సదస్సులో వివరించాడు. కావలసిన వెర్షన్ పేరు చెప్పి లోడ్ చేయమంటే చాలు, పని అయ్యాక దించేయవచ్చు. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవా వంటి సూపర్‌కంప్యూటర్ల మీద ఇప్పటికీ ఇదే పద్ధతి. సొంత ల్యాప్‌టాప్‌ల దాకా ఈ సౌకర్యం రావడానికి మాత్రం మరో పదిహేనేళ్లు పైనే పట్టింది. ఆలోగా చాలామంది సిస్టం పైథాన్‌నే మార్చేసి చేతులు కాల్చుకున్నారు. సెంటోస్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే యమ్ పైథాన్ 2లో రాసింది. దాని కింది పైథాన్‌ను తీసి 3 పెడితే యమ్ ఆగిపోయేది.

2007లో ఇయాన్ బికింగ్ వర్చువల్ఎన్వ్ తెచ్చాడు. అది ప్రాజెక్టుకొక లైబ్రరీల గది ఇస్తుంది, పైథాన్‌ను మాత్రం తెచ్చిపెట్టదు. అదే ఏడాది వేన్ సెగ్విన్ రూబీ కోసం ఆర్‌వీఎం మొదలుపెట్టాడు. అది ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్‌ను కూడా తన చేతుల్లోకి తీసుకునేది. నా దృష్టిలో అసలైన మలుపు 2011లో శామ్ స్టీఫెన్సన్ రాసిన ఆర్‌బీఎన్వ్. అతను షెల్ జోలికి ఎక్కువగా పోలేదు. పాథ్ వరుసలో అన్నిటికన్నా ముందు ఒక ఫోల్డర్ పెట్టి, అందులో రూబీ పేరుతోనే చిన్న ఫైలు ఉంచాడు. రూబీని పిలిస్తే ముందు ఆ ఫైలు పలుకుతుంది. మనమున్న ఫోల్డర్‌లో వెర్షన్ రాసిన ఫైలుందేమో చూస్తుంది, లేకపోతే పై ఫోల్డర్‌లో, ఆపైన ఇంకో దాంట్లో వెతుకుతుంది. ఎక్కడా దొరక్కపోతే మనం ముందే ఎంచిపెట్టుకున్న వెర్షన్‌కు పని అప్పగిస్తుంది. షిమ్ అనే ఈ కొన్ని పంక్తుల ఫైలుతో వెర్షన్ ఎంపిక మనిషి జ్ఞాపకం నుంచి ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి మారింది. ఇంత చిన్న ఉపాయం ఇంత పెద్ద చిక్కు విప్పడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

మిగతావి చకచకా వచ్చాయి. నోడ్‌కు 2010లో టిమ్ కాస్వెల్ ఎన్‌వీఎం, ఆర్‌బీఎన్వ్ నుంచే పుట్టిన పైఎన్వ్ 2012లో, అన్ని భాషలనూ ఒకే గూటికి చేర్చిన ఆకాష్ మనోహర్ ఏఎస్‌డీఎఫ్ 2014లో. పైఎన్వ్ పైథాన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంది కాబట్టి పాత ల్యాబ్ మెషీన్ల మీద చాలా సేపు పడుతుంది. 2024లో వచ్చిన యూవీ ముందే కంపైల్ చేసిన పైథాన్‌నే దించుకుంటుంది.

మన పిల్లలకు ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఇవన్నీ యూజర్ సొంత ఫోల్డర్‌లోనే కుదురుకుంటాయి. పైఎన్వ్‌కు కావలసిన కంపైలర్ వంటివి ముందే ఉంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ల్యాబ్ మెషీన్ మీద ఏ హక్కూ లేని విద్యార్థి కూడా తనకు కావలసిన వెర్షన్ తెచ్చుకోవచ్చు, పక్క బ్యాచ్ పనికి అడ్డు రాకుండా. ఇది తెలుసుకోవడానికి అమీర్‌పేట కోచింగ్‌కు బస్సెక్కే దాకా ఆగాల్సిన పని లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లెక్చరర్లకు ఒక మనవి. ఈ ఏడాది ప్రాజెక్టు రికార్డు మొదటి పేజీలో విద్యార్థి పేరు, హాల్‌టికెట్ నంబరు కింద, వాడిన భాష వెర్షన్ నంబరు కూడా రాయించండి. అదే నంబరు ప్రాజెక్టు ఫోల్డర్‌లోని వెర్షన్ ఫైలులోనూ ఉండాలని పట్టుబట్టండి.