దోషము వేరు, అవమానము వేరు

చిట్యాల మొదలు డోర్నకల్ వరకు గల పల్లెలన్నియు పాత వరంగల్లు జిల్లాలోనివి. 2016వ సంవత్సరమున జిల్లాలు విడివడినపుడు చిట్యాల భూపాలపల్లి వైపునకు, డోర్నకల్ మహబూబాబాదునకు చేరినవి. జిల్లాలు వేరైనను ఆ పల్లెల పాతకథ ఒక్కటియే. ఊరు ఒక దిక్కున, మాల మాదిగ వాడలు మరియొక దిక్కున. ఊరి బావి వాడవారికి అందదు. దొరగారి వెట్టి మాత్రము తప్పదు. తాము చేసిన తప్పేమియో ఎరుగకయే తల వంచుకొని నడచిన మనుష్యులు తరతరములుగా ఈ నేలపై జీవించిరి.

మనస్సును క్రుంగదీయు బరువులు రెండు కలవు. మనము చేసిన చెడ్డపనికై లోలోపల దహించునది దోషభావము. మన పుట్టుకను చూచి లోకము మనపై మోపునది అవమానము. మొదటిదానికి పశ్చాత్తాపమును క్షమాపణయు మందు. రెండవదాని విషయమున పశ్చాత్తాపపడవలసినవాడు మోసినవాడు కాడు, మోపినవాడు. ఈ రెండును కలగలిసిపోయినచోట మనుష్యుడు తన పుట్టుకనే పాపమని నమ్మును. వీనిని విడదీసి చూపుటయే డోర్నకల్ చరిత్రలోని ముఖ్యాంశమని మేము తలంతుము.

ఆ చరిత్రకు ప్రధాన పురుషుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. వీరు 1874లో తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విలై గ్రామములో జన్మించిరి. వీరిది నాడార్ కులము. ఆ కాలమున ఆ కులమువారికి దేవాలయ ప్రవేశము లేదు. కనుక అవమానమన నేమో వీరికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో ఒక భారతీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆ సంఘము పక్షమున అజరయ్యగారు 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చి, ఎడ్లబండిపై పల్లెపల్లెకు తిరిగిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు వీరే.

వాడలో బోధ జరిగిన తీరు గమనింపదగినది. పగలెల్ల కూలి చేసి వచ్చినవారికి చదువు రాదు. కావున పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము ఉపాధ్యాయుడు నోటిమాటగా చెప్పి, పాటగా పాడించి నేర్పెడివాడు. త్రాగుడు, దొంగతనము, కలహము విడువవలసినవని చెప్పెడివాడు. ఇవన్నియు మనుష్యుడు చేయు పనులు. ఫలానా యింట పుట్టుట ఆ పట్టికలో ఎక్కడను లేదు.

ఆరాధనలో అందరును మోకరించి పాపములు ఒప్పుకొను ప్రార్థన యొకటి కలదు. బిషప్పు పలుకు మాటలును, పాలేరు పలుకు మాటలును అవే. పిమ్మట క్షమాపణ వాక్యమును ఇరువురకు నొక్కటియే. నిత్యజీవితమున దూరముగ నిలువబడిన మనిషి అక్కడ ఇతరులతో సమానముగ దోషి, సమానముగ క్షమింపబడినవాడు. ఆ సమానత్వమే అతని తల నెత్తించినది.

అతడు పాడుకొను పాటల కథయు చిత్రమైనది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పేరెన్నికగన్న కవి పురుషోత్తమ చౌదరిగారు 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, మనశ్శాంతికై చాలకాలము వెదకి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి. కులగౌరవము వారి అంతరంగపు బరువును దించలేకపోయినది. ఆ పశ్చాత్తాపగీతములే తరువాత వాడల నోట పలికినవి. అగ్రహారమున పుట్టినవాని దోషభావమునకును, వాడలో పుట్టినవాని ఆర్తికిని పాట ఒక్కటియే అయినది.

1930 తరువాతి యేండ్లలో ఇతర కులములవారు కూడ పలువురు డోర్నకల్ సంఘమున చేరిరి. వాడవారి నడవడిలో కలిగిన మార్పు వారిని ఆకర్షించిన కారణములలో నొకటి. 1941 నాటికి ఆ మండలములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

అయితే కథ ఇంతటితో సుఖాంతమైనదనుట సత్యము కాదు. బాప్తిస్మము పొందినవాని మనస్సు మారెను గాని, ఊరి చూపు అంత త్వరగా మారలేదు. సంఘములోపలనే మాల మాదిగ భేదములు నిలిచియుండెను. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల పట్టికను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అందు చోటు దొరకినది, క్రైస్తవులకు దొరకలేదు. అవమానము వెంట వచ్చెను గాని, దానికై చట్టము చూపిన ఉపశమనము వెంట రాలేదు.

అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదీన పరమపదించిరి. వారు కట్టించిన దేవాలయము 1939లో ప్రతిష్ఠితమై, దక్షిణాది కోవెలల స్తంభముల తీరును, మసీదుల గుమ్మటముల తీరును కలుపుకొని నేటికిని డోర్నకల్‌లో నిలిచియున్నది. అందు ప్రార్థించువారు తాము చేసినదానికి క్షమాపణ వేడుదురు. తాము పుట్టినందుకు కాదు. ఆ రెండవదానికి క్షమాపణ అడుగవలసిన బాధ్యత, ఏ మతమువారమైనను, ఊరివారమైన మనదే.