కాపురం గొడవ ఎవరు చెబుతున్నారు?
కృష్ణా డెల్టా కథల్లో పాత్ర, స్థలం, కథనం

తెలుగు కథ తొలి అడుగులు వేసింది కాపురంలోని కలతల మీదుగానే. 1874లో నందిగామలో పుట్టిన భండారు అచ్చమాంబ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ రాశారు. పండగ పూట చేతిలో డబ్బు లేని భర్త మనసు పరాయి సొమ్ము మీదికి పోతుంది. భార్య అడ్డుపడుతుంది. 1910 ఫిబ్రవరిలో గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ బందరు నుంచి వెలువడిన ‘ఆంధ్రభారతి’లో అచ్చయింది. వేశ్యల పాటకచేరీలకు పోయి అర్ధరాత్రి ఇంటికొచ్చే భర్తను చదువుకున్న భార్య దారికి తెచ్చే కథ అది. తెలుగులో మొదటి ఆధునిక కథ ఏదన్న వాదంలో ఈ రెండింటి పేర్లూ వస్తాయి. ఏది మొదటిదైనా ఆలుమగల మధ్య వచ్చిన చిక్కే అందులో వస్తువు. రెండింటికీ కృష్ణా జిల్లా నేలతో సంబంధం ఉంది.

ఈ కథలను మన బడుల్లో, హాస్టళ్లలో చదివేటప్పుడు సారాంశం చెప్పి వదిలేస్తున్నాం. భర్త చెడ్డవాడు, భార్య మంచిది, చివరికి బుద్ధి వచ్చింది అంటే పాఠం అయిపోతున్నది. అలా కాకుండా మూడు ప్రశ్నలు వేసి చూద్దాం. గొడవలో ఎవరెవరున్నారు? అది ఎక్కడ జరుగుతున్నది? ఎవరు చెబుతున్నారు? పాత్ర, స్థలం, కథనం అంటే ఇవే.

‘దిద్దుబాటు’లో గోపాలరావు స్త్రీవిద్య కావాలనేవాడు, భార్య కమలినికి తానే చదువు చెప్పినవాడు. మాట ఒకటి, నడత ఒకటి కావడమే ఆ పాత్రకు ప్రాణం. స్థలం రాత్రివేళ ఇల్లు. తలుపు కొడితే లోపల చీకటి, భార్య కనబడదు, ఉత్తరం మాత్రం ఉంటుంది. కమలిని ఎక్కడుందో చివరి దాకా మనకూ తెలియదు. మంచం కింది నుంచి ఆమె నవ్వు వినబడినప్పుడు గాని గుట్టు తెలియదు. భర్త పడ్డ కంగారు పాఠకుడు కూడా పడేటట్టు కథ చెప్పడం వల్లనే అది ఉపన్యాసం కాకుండా పోయింది.

ఆ ఇంట్లో మూడో మనిషి కూడా ఉన్నాడు. నౌకరు రాముడు. భార్య కనబడలేదన్న కోపంలో గోపాలరావు రాముణ్ణి కొడతాడు. వెంటనే పశ్చాత్తాపపడి వీపు నిమురుతాడు. కథ పేరు దిద్దుబాటు. దిద్దుకున్నది భార్యాభర్తల బంధం. రాముడికి తగిలిన దెబ్బలు మాత్రం పక్కకు పోతాయి. గురజాడ ఆ దెబ్బలను దాచకుండా రాశాడు. నూరేళ్లుగా వాటి మీదుగా దాటిపోయింది చదివేవాళ్లే. ఇతరుల ఇళ్లలో, పొలాల్లో పనిచేసి బతికిన కుటుంబాల పిల్లలుగా మనం అక్కడ ఆగాలి. యజమాని కాపురంలో గొడవ వస్తే పనివాడి వీపు ఎందుకు వాచిందని అడగాలి.

ఎనభై ఏళ్ల తరువాత విజయవాడలో ఉంటూ రాసిన పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథను చూడండి. అందులో తిట్టే భర్త లేడు, కొట్టే చెయ్యి లేదు. ఇల్లు అలికి, తుడిచి, ముగ్గులు పెట్టి, ఆ పనిలో మునిగి ఒకావిడ తన పేరే మరిచిపోతుంది. పిల్లలకు ఆమె అమ్మ. భర్తకు పేరుతో పనిలేదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ‘శారద’ అని పిలిస్తే ఆమె తనకు తాను దక్కుతుంది. ఇక్కడ స్థలమే గొడవ. అందంగా మెరిసే ఇల్లే మనిషిని మింగింది. పేరు గుర్తు చేయమని ఆమె పనిమనిషిని కూడా అడుగుతుంది. అమ్మగార్ల పేర్లతో మాకేం పని అన్న అర్థంలో జవాబు వస్తుంది. ఆ జవాబు మనకు బాగా తెలిసినదే. అయితే ఆ పనిమనిషికి కూడా ఒక ఇల్లు ఉంటుంది, కాపురం ఉంటుంది. ఆమెను పేరు పెట్టి పిలిచేదెవరు? ఆ కథ రాయవలసింది మనమే.

1950లో అరుణాచలం వెళ్లేదాకా బెజవాడలో ఉన్న చలం ‘దోషగుణం’ అనే కథ రాశారు. ఒక కుర్రవాడికి జ్వరం వస్తే, అది ఒక ఇల్లాలితో సంబంధం వల్ల వచ్చిందని లోకం నమ్ముతుంది. ఆమె ఏం చేసిందని ఎవరూ అడగరు. నేరానికి ముందు పేరు పెట్టారు, ఆ తరువాత ఆ పేరుకు మనిషిని వెతికారు.

ఈ పద్ధతి మన తాతలకు కథగా కాదు, చట్టంగా తెలుసు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తరువాత మద్రాసు రాజధానిలో అమలయింది. ఎరుకల కుటుంబాల పేర్లు పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలో సెటిల్మెంట్లు వెలిశాయి. హాజరు వేయించుకోవాలి. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

ఇప్పుడు అదే స్థలంలో ఒక కాపురాన్ని ఊహించండి. పుట్టింట్లో తల్లికి జబ్బు చేసిందని భార్య బయలుదేరాలంటే చీటీ కావాలి. భర్త అడగడానికి భయపడతాడు. ఆమె అతణ్ణి పిరికివాడంటుంది. ఆ రాత్రి ఇద్దరి మధ్యా మాటలుండవు. రిజిస్టర్ రాసేవాడికి ఇందులో ఏమీ కనబడదు. ఇద్దరూ హాజరు అని రాసుకుంటాడు. కథకుడికి మాత్రం ఆ గుడిసెలో మూడో మనిషి కనబడాలి. వాడు చట్టం.

మన జాతులకు కథనం కొత్త కాదు. ఎరుకల స్త్రీ గడప ముందు కూర్చుని సోది చెప్పేది. నీ ఇంట్లో ఇలా జరిగింది, నీ మనసులో ఇది ఉంది అని వింటున్న మనిషితోనే ఆమె కథ చెబుతుంది. కురవంజి యక్షగానాల్లో విరహంతో ఉన్న నాయికకు ఎరుక చెప్పేది కూడా ఎరుకతే. అదే రచనల్లో సింగి, సింగడు అనే మన జంట అనుమానాలు, అలకలు చూసేవాళ్లకు నవ్వులాటగా మారాయి. వాళ్ల కాపురాల బాధ మనం చెప్పాం. మన కాపురాల బాధ వాళ్లకు వినోదమైంది.

ఈ పరిస్థితి మెల్లగా మారుతున్నది. ఉత్తరాంధ్ర నుంచి మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలు వచ్చాయి. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. డెల్టాలోని ఎరుకల, యానాది, లంబాడీ యువతీ యువకులు కూడా కలం పట్టాలి. అయితే ఒక చిక్కు ఉంది. బయటివాళ్లు మన ఇంటి గొడవ రాస్తే, తాగుడు, కొట్లాట ఆ జాతి గుణమని ముద్ర వేస్తారు. ఆ ముద్రకు భయపడి మనం రాస్తే, మన ఇళ్లలో గొడవలే లేవన్నట్టు రాస్తాం. రెండు చోట్లా నష్టపోయేది దెబ్బలు తిన్న ఆడమనిషే. జాతి పరువు కోసం ఆమె నోరు మూయిస్తే, రాముడి వీపు మీదుగా దాటిపోయినవాళ్లకూ మనకూ తేడా లేదు.

దీనికి దారి కథను శ్రద్ధగా చెప్పడమే. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉన్న యానాది జంటను తీసుకోండి. భర్త తాగి భార్యను కొట్టాడు. అంతవరకే రాస్తే అది పోలీసు రిజిస్టర్. యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు, దాన్ని తీసుకునేటప్పుడు ఆమెను ఎవరూ అడగకపోవడం, గట్టు వదిలిపోలేకపోవడం కూడా రాస్తే స్థలం కథలోకి వస్తుంది. అప్పు ఉంది కనుక కొట్టాడు పాపం అని ముగిస్తే భర్తకు వకాల్తా పుచ్చుకున్నట్టే. అప్పు ఇద్దరి మీదా ఉంది, చెయ్యెత్తింది ఒకడే. ఈ రెండు నిజాలూ ఒకే కథలో ఇమడాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇలాంటి గొడవ ఒకటి ఇచ్చి పిల్లలతో మూడుసార్లు రాయించండి. ఒకసారి భార్య చెప్పినట్టు, ఒకసారి భర్త చెప్పినట్టు, ఒకసారి గుడిసెలో నిద్ర నటిస్తూ విన్న కూతురు చెప్పినట్టు. ముగ్గురి మాటల్లో ఏది మారింది, ఏది మారలేదు అని తరగతిలో మాట్లాడించండి. మారని చోట నిజం దొరుకుతుంది. మారిన చోట మనుషులు దొరుకుతారు. కథకు రెండూ కావాలి.