ఇంటి ప్రయోగం, దారి ప్రయాణం: సరిహద్దు తెలుగు పిల్లలకు రెండు భాషల విజ్ఞానం

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో పెరుగుతున్న తెలుగు బిడ్డకు ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి. మొక్క ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకొనే క్రియను తెలుగు పాఠ్యపుస్తకం ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటుంది. అదే క్రియ కన్నడ పుస్తకంలో ‘ద్యుతిసంశ్లేషణె’, తమిళంలో ‘ఒళిచ్చేర్కై’, మరాఠీలో ‘ప్రకాశసంశ్లేషణ’. బడిలో విన్న మాటకు ఇంట్లో అర్థం చెప్పేవారు లేక బిడ్డ దానిని కంఠస్థం చేస్తుంది. తల్లిదండ్రులు తమకు తెలిసిన విషయమే అయినా ఆ మాట తెలియక మౌనం వహిస్తారు. క్రమంగా ఇంటి తెలుగు వంటింటి అవసరాలకే పరిమితమవుతుంది. ఆలోచించే భాషగా మిగలదు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం నిర్దేశిస్తున్నది. 1956లో 7వ సవరణ ద్వారా ఇది చేరింది. అయినా సరిహద్దు గ్రామాలన్నింటిలో తెలుగు బడి లేదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుంచి తమిళాన్ని క్రమంగా తప్పనిసరి చేసింది. ఇరుగుపొరుగు రాష్ట్రాల భాష నేర్వడం పిల్లలకు మేలే. బడిలో దొరకని తెలుగు మాటను ఇంట్లో అందించడమే మిగిలిన పని. అందుకు విజ్ఞానశాస్త్రం మంచి మార్గం. వస్తువును ముందు కంటితో చూసి, చేతితో తాకిన బిడ్డకు దాని పేరు రెండు భాషల్లో నేర్చుకోవడం భారం కాదు.

ఇంటి విద్య అంటే బడి మాన్పించడం కాదు. ఆదివారం ఒక గంట ప్రయోగం, ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు చాలు. ఒక్కొక్క ప్రయోగానికి తగిన ప్రయాణాన్ని జతచేస్తూ అయిదు ఉదాహరణలు ఈ కింద ఉన్నాయి.

1. నీడ కర్ర – కావలూరు వేధశాల

కావలసినవి: మీటరు పొడవు గల తిన్నని కర్ర, దారానికి కట్టిన రాయి, సుద్దముక్క, గడియారం. చదునైన వాకిట్లో కర్రను నిట్టనిలువుగా పాతాలి. నిలువును రాయి కట్టిన దారంతో సరిచూసుకోవాలి. ఉదయం 11.30 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు అయిదేసి నిమిషాలకు నీడ కొనను గుర్తించాలి. అన్నింటికన్న పొట్టి నీడ పడిన వేళే ఆ ఊరి అసలు మధ్యాహ్నం. ఆ నీడ గీత ఉత్తర దక్షిణాలను చూపుతుంది.

ఆ మధ్యాహ్నం గడియారపు 12 గంటలకు సరిపోదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. అక్కడి నుంచి పడమటికి ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాలు ఆలస్యం. ఏప్రిల్ మధ్యలో యానాంలో సూర్యుడు నడినెత్తి రేఖకు 12 గంటల 1 నిమిషం ప్రాంతంలో వస్తే, హోసూరులో 12.19కి, బళ్లారిలో 12.22కి వస్తాడు. రెండు ఊళ్లలోని బంధువుల పిల్లలు ఒకే రోజు కొలిచి ఫోనులో సరిచూసుకుంటే భూమి గుండ్రదనం, దాని తిరుగుడు వారికి లెక్కగా అందుతాయి.

ఈ ప్రాంతాలన్నింటిలో ఏడాదికి రెండుసార్లు మధ్యాహ్నపు నీడ పూర్తిగా మాయమవుతుంది. హోసూరు, కుప్పం వైపు ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాలలోను, బళ్లారిలో మే 1, ఆగస్టు 11 ప్రాంతాలలోను, యానాంలో మే 7, ఆగస్టు 5 ప్రాంతాలలోను, నాందేడ్, బరంపురాలలో మే 16, జూలై 27 ప్రాంతాలలోను నీడలేని రోజులు వస్తాయి. ఒకరోజు అటూ ఇటూ కావచ్చు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది.

ఈ ప్రయోగం చేసిన కుటుంబానికి తగిన ప్రయాణం తమిళనాడులోని జవ్వాది కొండలలో ఉన్న కావలూరు వేధశాల. దీనిని నెలకొల్పిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బాపు హైదరాబాదులో చదివినవారు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. 2.34 మీటర్ల అద్దం గల ఇక్కడి పెద్ద దూరదర్శిని 1986లో ప్రారంభమై ఆయన పేరు ధరించింది. కావలూరు భూమధ్యరేఖకు దగ్గరగా, 12½ డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నందున దక్షిణాకాశం కూడా బాగా కనిపిస్తుంది. రాత్రి అక్కడి నుంచి ధ్రువనక్షత్రం ఎత్తును కొలవవచ్చు. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిక్కంచుకు పైన పిడికిలింపావు ఎత్తులో ధ్రువుడు కనబడితే ఆ చోటి అక్షాంశం 12½ అన్నమాట. నాందేడులో అదే దాదాపు రెండు పిడికిళ్లు. సందర్శన వేళలను ముందుగా విచారించి బయలుదేరాలి.

2. సీసాలో మట్టి – తుంగభద్ర ఆనకట్ట

కావలసినవి: మూత గల వెడల్పాటి గాజు సీసా, నీరు, చేను మట్టి. సీసాలో మూడోవంతు మట్టి వేసి, పైదాకా నీరు పోసి, చిటికెడు బట్టల సోడా కలిపి అయిదు నిమిషాలు కుదపాలి. కదలకుండా ఉంచితే ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగున దిగుతుంది. దానిపై ఒండ్రు కొన్ని గంటల్లో పేరుకొంటుంది. బంకమట్టి దిగడానికి ఒకరోజుకు పైగా పడుతుంది. పొరల మందాన్ని స్కేలుతో కొలిచి రాయాలి. బళ్లారి, రాయచూరు నల్లరేగడిలో బంకపొర మందంగా ఉంటుంది. కోలారు, హోసూరుల ఎర్రమట్టిలో సాధారణంగా ఇసుకపొర ఎక్కువ. రెండు మట్టులతో ఒకే కొలత బిళ్లలు చేసి ఎండబెడితే రేగడి బిళ్ల బాగా కుంచించుకొని పగుళ్లు విచ్చుతుంది. వేసవిలో రేగడి చేలు నెర్రెలు విడవడానికి కారణం ఇదేనని పిల్లలు తామే గ్రహిస్తారు.

తుంగభద్ర ఆనకట్ట ఈ సీసాకు పెద్ద రూపం. నాటి మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు ఉమ్మడిగా 1945లో మొదలుపెట్టిన ఈ నిర్మాణం 1953 నాటికి జలాశయంగా రూపుదిద్దుకొంది. గంగావతి, సింధనూరు ప్రాంతాలలో కోస్తా నుంచి వచ్చిన రైతులు నెలకొల్పిన ‘క్యాంపులు’ ఈ నీటి మీద ఏర్పడినవే. మొదట సుమారు 133 టీఎంసీల నీరు పట్టే జలాశయంలో పూడిక చేరి, 2016 నాటి కొలతల ప్రకారం నిల్వ సామర్థ్యం 106 టీఎంసీలకు లోపు తేలింది. నదిలో కొట్టుకొచ్చిన మట్టి నిలిచిన నీటిలో దిగిపోవడమే ఇందుకు కారణం. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఇక్కడి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. వారం రోజుల్లో తాత్కాలిక పలకలు దించి నీటిని ఆపగలిగారు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుందని ఇంట్లోనే చూపవచ్చు. ప్లాస్టిక్ సీసాకు మూడు ఎత్తులలో ఒకే కొలత రంధ్రాలు చేసి నీరు నింపితే, కింది రంధ్రం నుంచి నీరు అధిక వేగంతో చిమ్ముతుంది.

3. పసుపు కాగితం – లోణార్ సరస్సు

పసుపును నీటిలో కలిపి తెల్లకాగితానికి పూసి, నీడన ఆరబెట్టి పేలికలుగా కత్తిరించాలి. సున్నపు తేట తగిలితే పేలిక ఎర్రబడుతుంది. నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు వన్నెకు వస్తుంది. పెళ్లి పారాణిలో పసుపు, సున్నం కలిసి ఎరుపు పుట్టేది ఈ చర్య వల్లనే. సబ్బునీరు, చింతపండు రసం, మజ్జిగ, బావినీరు ఒక్కొక్కటిగా పరీక్షించి ఆమ్లమో క్షారమో పట్టికలో రాయాలి. పసుపు క్షారాన్ని మాత్రమే చూపుతుంది. ఆమ్లాన్ని గుర్తించడానికి మందారపూల రేకులు మరగించిన నీరు పనికివస్తుంది. అది ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారుతుంది. సున్నం కంటిలో పడితే ప్రమాదం కనుక పెద్దలే తేట తీసి ఇవ్వాలి.

నాందేడు వైపు కుటుంబాలు దీని తరువాత బుల్ఢాణా జిల్లాలోని లోణార్ సరస్సును చూడవచ్చు. ఉల్క నల్లరాతి నేలను ఢీకొనగా సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసంతో ఏర్పడిన గుంత అది. అందులోని నీరు ఉప్పగాను, తీవ్రమైన క్షారంగాను ఉంటుంది. 2020 జూన్‌లో ఆ నీరు గులాబి రంగుకు మారింది; ఉప్పును తట్టుకొనే సూక్ష్మజీవులు అందుకు కారణమని తేలింది. అదే ఏడాది సరస్సు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇది అభయారణ్యం. పేలికతో నీటిని పరీక్షించడానికి కాపలా సిబ్బంది అనుమతి తీసుకోవాలి. రాయినైనా, నీటినైనా వెంట తేరాదు.

సిరొంచ తాలూకా తెలుగువారికి మరొక విశేషం ఇంటి ముంగిటే ఉంది. ఆ తాలూకాలోని పోచంపల్లి సమీపాన దొరికిన ఎముకల ఆధారంగా ‘బరాపాసారస్’ అనే రాక్షసబల్లిని 1975లో శాస్త్రజ్ఞులు లోకానికి పరిచయం చేశారు. తెలంగాణ వైపు యామన్‌పల్లిలో దొరికిన ‘కోటాసారస్’కు సిరొంచ తాలూకాలోని కోటా గ్రామం పేరిట ఉన్న రాతిపొరల నుంచే పేరు వచ్చింది. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో ఉంది.

4. ఇసుక వేడి – ఋషికుల్య ముఖద్వారం

వేసవి మధ్యాహ్నం ఇసుకకుప్పపై ఒక ఉష్ణమాపకాన్ని, మూరెడు లోతున మరొకదానిని ఉంచి అరగంట తరువాత చూస్తే పైన వేడి, లోపల చల్లదనం అంకెలలో కనబడతాయి. తెల్లవారుజామున మళ్లీ చూస్తే పైపొర బాగా చల్లబడి ఉంటుంది. లోపలి అంకె పెద్దగా మారదు.

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ స్థిరమైన వేడినే కోరుకొంటాయి. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో అవి వేల సంఖ్యలో ఒడ్డుకు వస్తాయి. కొన్ని ఏళ్లు రాకపోవచ్చు. ఒక్కొక్క తాబేలు నూరు గుడ్ల వరకు పెట్టి ఇసుకతో కప్పిపోతుంది. ఒకటిన్నర, రెండు నెలలకు పిల్లలు వెలువడతాయి. పుట్టేది ఆడదో మగదో ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు అధికం. గంజాం తీరంలోని తెలుగు మత్స్యకార కుటుంబాలకు ఈ తాబేళ్లు కొత్త కాదు. నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ తీరంలో మరపడవల వేటపై నిషేధం వారి బతుకుతెరువుతో ముడిపడిన విషయం. ఆ నిషేధానికి కారణం ఏమిటో, దానివల్ల ఇంటి ఖర్చు ఎలా మారుతుందో పిల్లలతో మాట్లాడటం కూడా విజ్ఞాన పాఠంలో భాగమే. రాత్రివేళ చూడబోయేవారు టార్చిలైటు వేయరాదు. వెలుతురు తాబేళ్లను దారి తప్పిస్తుంది.

5. ఉప్పునీటి ఆలుగడ్డ – కోరంగి మడ అడవి

రెండు గిన్నెలలో ఆలుగడ్డ ముక్కలు వేసి, ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో గాఢమైన ఉప్పునీరు పోయాలి. గంటకు మంచినీటి ముక్క గట్టిగా ఉంటుంది; ఉప్పునీటి ముక్క మెత్తబడి వంగుతుంది. ఉప్పు దానిలోని నీటిని బయటికి లాగింది. అలాంటప్పుడు ఉప్పునీటిలో చెట్టు ఎలా బతుకుతుందన్న ప్రశ్నతో యానాం పిల్లలు పక్కనే ఉన్న కోరంగి అభయారణ్యానికి వెళ్లాలి. 1978లో ఏర్పడిన ఈ అభయారణ్యంలో చెక్కబాట మీద నడుస్తూ మడచెట్లను దగ్గరగా చూడవచ్చు. కొన్ని మడచెట్లు తాము పీల్చిన ఉప్పును ఆకుల ద్వారా విసర్జిస్తాయి. ఎండపూట ఆకుపై తెల్లని ఉప్పుపొడి కనబడుతుంది. బురదలో గాలి ఆడదు కనుక వేళ్లు పెన్సిళ్లవలె పైకి పొడుచుకొని వచ్చి శ్వాసిస్తాయి. పోటు వేళ, ఆటు వేళ రెండుసార్లు చూస్తే ఆ వేళ్ల అవసరం తెలుస్తుంది.

రెండు భాషల పుస్తకం

ప్రయోగమైనా ప్రయాణమైనా ఒక పుస్తకంలో చేరాలి. ప్రతి పుటను నిలువుగా రెండుగా గీసి, ఎడమవైపు తెలుగులో, కుడివైపు బడి భాషలో రాయించాలి. తేదీ, వేళ, చూసింది, కొలిచింది, తెలియనిది అన్న అయిదు అంశాలు చాలు. తెలుగు లిపి రాని బిడ్డ బొమ్మ వేసి చెబితే పెద్దలు రాసిపెట్టవచ్చు. చివరి పుటలలో మాటల పట్టిక ఉంచాలి. ‘నీడ’ ఎదుట కన్నడ ‘నెరళు’, తమిళ ‘నిళల్’ రాసినప్పుడు మూడూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని బిడ్డకు తెలుస్తుంది. మరాఠీ ‘సావలి’, ఒడియా ‘ఛాయి’ వేరే కుటుంబానికి చెందినవి. ఒండ్రు, నెర్రెలు, పోటు, ఆటు వంటి మాటలు తాతయ్యల నోట ఉన్నవే. వారిని అడిగి రాయించడం పిల్లల పని.

పాటించవలసిన జాగ్రత్తలు

సూర్యుని వైపు నేరుగా చూడరాదు. నీడను మాత్రమే చూడాలి. ఆనకట్ట, నది, సముద్రం వద్ద పిల్లల చేయి వదలరాదు. అడవులలోను, తాబేళ్ల ఒడ్డునను ప్లాస్టిక్ పారవేయరాదు. దూర ప్రయాణానికి వీలులేని కుటుంబానికి ఊరి చెరువు, కుమ్మరి ఆవము, నూనె గానుగ, వాతావరణ సూచనలు వినే రైతు చాలు. వర్షాకాలంలో నిట్టగోడల డబ్బాను ఆరుబయట ఉంచి రోజూ ఒకే వేళకు నీటిమట్టాన్ని మిల్లీమీటర్లలో కొలిచిన బిడ్డ, సీజను ముగిసేసరికి తన ఊరి వానను తానే లెక్కగట్టి రెండు భాషల్లో చెప్పగలుగుతుంది.