ఆ మధ్యాహ్నం మనకు కరెంటు ఎందుకు పోలేదు

2012 జూలై 31, మధ్యాహ్నం ఒంటిగంట. ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలాయి. దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేదు. ఢిల్లీలో మెట్రో ఆగింది, బెంగాల్ బొగ్గు గనుల్లో కార్మికులు చిక్కుకుపోయారు. మా ముక్తేశ్వరంలో మాత్రం ఎప్పుడూ ఉండే కోతలే. సబ్‌స్టేషన్ డ్యూటీల్లో జుట్టు నెరిసినవాణ్ని కదా, కోటిపల్లి పంటు కోసం రేవులో నిలబడితే అందరిదీ ఒకటే ప్రశ్న: "మనకెందుకు పోలేదండీ?"

ఏసీ గ్రిడ్‌లో ఉన్న జనరేటర్లన్నీ సెకనుకు 50 సైకిళ్ల ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకే లయలో తిరగాలి. బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్పవగానే దాని లోడు పక్క లైన్ల మీద పడింది, అవీ ఒకదాని వెంట ఒకటి ట్రిప్పయ్యాయి. ముందురోజు తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ పోయిందీ అలాగే. మన దక్షిణాది అప్పటికి ఆ లయలో లేదు. గాజువాకలో, చంద్రపూర్ దగ్గర భద్రావతిలో, తాల్చేరు–కోలారు లైనులో డీసీ మార్గాన మాత్రమే కరెంటు ఇచ్చిపుచ్చుకోవడం. మన కాలువల మీది లాకుల్లాగే: అటు నీటిమట్టం వేరు, ఇటు వేరు, అయినా పడవ దాటుతుంది. తాల్చేరు నుంచి వచ్చే కరెంటు ఆగిపోయి మన ఫ్రీక్వెన్సీ 49 కంటే దిగువకు జారినప్పుడు అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు కొన్ని ఫీడర్లను కోసేశాయి. మిగతా దక్షిణాది నిలిచింది. చెప్పకుండా ఫీడరు తీసేశారని జనం తిడుతుంటారు గానీ, ఆ కోతే చాలాసార్లు ప్రాణరక్ష.

గ్రిడ్ మొదట్లో ఇంత పెద్దది కాదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైనప్పుడు ఎక్కడికక్కడ చిన్న చిన్న వ్యవస్థలే. 1959లో విద్యుత్ బోర్డు, తర్వాత దిగువ సీలేరు, విజయవాడ థర్మల్. లైన్లు పెరిగాయి, రాష్ట్రాలు కలిశాయి. 2006 నాటికి దక్షిణాది తప్ప దేశమంతా ఒకే గ్రిడ్. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ చేరాం. చేరడం మంచిదే. కరువులో ఎక్కడి కరెంటైనా తెచ్చుకోవచ్చు. కానీ ఇప్పుడు అక్కడ లయ తప్పితే ఇక్కడా తప్పుతుంది.

అందుకే ఐలాండింగ్, అంటే గ్రిడ్‌లో ఒక భాగాన్ని ద్వీపంలా విడదీయడం. ఫ్రీక్వెన్సీ ముందే నిర్ణయించిన అంకెకు పడిపోగానే సరిహద్దు బ్రేకర్లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఒక ప్లాంటు, అది మోయగలిగినంత లోడు, ఆసుపత్రులు, రైల్వే, నీటి పంపులు విడిగా బతుకుతాయి. 2012లో కోల్‌కతాలో చాలా భాగం ఇలాగే నిలిచింది. 2020 అక్టోబరు 12న ముంబయిలో మాత్రం ఏళ్లనాటి ఏర్పాటు కూడా నగరాన్ని నిలపలేకపోయింది. పగలు రాత్రి మారే లోడుకు ఉత్పత్తి సరితూగకపోతే ఏ ద్వీపమూ నిలవదు.

తుపానుకు ఇది మందు కాదు. 1996 నవంబరులో కోనసీమలో స్తంభాలే నేలకొరిగాయి. తీగే లేనప్పుడు బ్రేకరేం చేస్తుంది?

హైదరాబాద్‌కు, విశాఖకు ఐలాండింగ్ పథకాలు తయారయ్యాయి. గోదావరి డెల్టా సంగతీ ఆలోచించాలి. మన నేలలోంచి గ్యాస్ తీస్తున్నారు. వేమగిరిలో గ్యాస్ ప్లాంటు ఉంది, కానీ 2013 తర్వాత గ్యాస్ అందక చాలాకాలం మూతపడింది. గ్యాస్ టర్బైను, సీలేరు లాంటి జలవిద్యుత్తు త్వరగా లేస్తాయి, ద్వీపానికి కావలసింది అదే. గ్యాస్ ప్లాంట్లకు అత్యవసర కోటా గ్యాసు కేటాయించాలి. అమలాపురం, కాకినాడ ఆసుపత్రుల ఫీడర్లను ముందే గుర్తించి, ఏటేటా బ్రేకర్లు తెరిచి పరీక్షించాలని ట్రాన్స్‌కో ఇంజనీర్లను కోరుతున్నాను.