లోహం

రక్తంలో సీసం, రాగి ఎంతుందో చూసే పరీక్షను ‘ఖనిజాల పరీక్ష’ అంటుంటే నాకు మనసొప్పదు. గనిలో పుట్టింది ఖనిజం. దాన్ని కరిగించి వేరుచేస్తే వచ్చేది లోహం. పైగా నెత్తురుకు లోహం దూరపు మాటేమీ కాదు. సంస్కృతంలో ‘లోహ’ అంటే మొదట ఎర్రనిది, ఆ రంగును బట్టి రాగి. తర్వాత ఇనుము, చివరికి ఏ లోహమైనా. మన పంచలోహాలు ఆ విశాలార్థంలోవే. దాని చుట్టమే ‘లోహితం’, అంటే ఎరుపు, నెత్తురు కూడా. హరిశ్చంద్ర నాటకం చూసినవాళ్లకు లోహితాస్యుడు తెలుసు. ఎర్రని ముఖం గలవాడని ఆ పేరుకు అర్థం. లోహం, లోహితం ఈ రెండు మాటలూ బ్రిటన్ ప్రయోగశాలల్లో మళ్లీ కలిశాయి. సర్రే విశ్వవిద్యాలయంలో అలన్ గ్రే మెరుగులు దిద్దిన పద్ధతిలో, పల్చన చేసిన రక్తాన్ని వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి తుంపరగా పంపి, విడివడిన అయాన్లను ద్రవ్యరాశిని బట్టి లెక్కిస్తారు. అంత సూక్ష్మంగా కొలవడం పిల్లల విషయంలో చాలా ముఖ్యం: ఇంగ్లండ్‌లో 2021 నుంచి, పిల్లల రక్తంలో సీసం డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు చేరితే చాలు, ప్రజారోగ్య అధికారులు రంగంలోకి దిగుతారు. అంతకుముందు ఆ హద్దు 10.