లోపలికి పీల్చిన పాట

1927 డిసెంబరులో ఒక శనివారం రాత్రి. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో డబ్ల్యూఎస్ఎమ్ రేడియో నుంచి అప్పటిదాకా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపించింది. ఆ తర్వాత మైకు ముందుకు డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి యువకుడు వచ్చాడు. మూడేళ్ల వయసులో పోలియో సోకి, నిండా ఐదడుగులైనా ఎదగని మనిషి. చేతిలో అరచెయ్యంత మౌత్ ఆర్గాన్. దాన్ని పెదాలకు ఆనించి, ఆ ప్రాంతంలో తిరిగే ‘పాన్ అమెరికన్’ రైలును స్టూడియోలోకి తెచ్చేశాడు. బండి మెల్లగా కదలడం, వేగం అందుకోవడం, కూత వేస్తూ దూరమైపోవడం... అన్నీ ఆ చిన్న డబ్బాలోంచే. ఇందాక విన్నది గ్రాండ్ ఒపేరా, ఇది మన ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అని వ్యాఖ్యాత జార్జ్ హే ఆ రాత్రి సరదాగా అన్న మాటే కార్యక్రమానికి పేరైంది. కంట్రీ సంగీతానికి నేటికీ గుడిలాంటి ఆ వేదికకు నామకరణం అలా జరిగింది.

ఆ వాద్యాన్ని తయారుచేసినవాళ్లు మాత్రం అలాంటి వాయింపును కల్లో కూడా ఊహించి ఉండరు. మౌత్ ఆర్గాన్ 19వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ మాట్లాడే సీమల్లో రూపుదిద్దుకుంది. ట్రోసింగెన్ ఊళ్లో గడియారాలు చేసుకునే మథియాస్ హోనర్ 1857లో దీని తయారీకి దిగి, మొదటి ఏడాది 650 చేశాడు. శతాబ్దం ముగిసేసరికి ఆ ఇంటిపేరే వాద్యానికి మారుపేరైంది. 1896లో ఆ సంస్థ తెచ్చిన ‘మెరైన్ బ్యాండ్’ రకం అమెరికా అంతటా అల్లుకుపోయింది. పది రంధ్రాలు, ఇరవై ఇత్తడి రీడ్లు. ఒక్కో రంధ్రంలో ఊదితే ఒక రీడు, పీలిస్తే మరొకటి మోగుతుంది. చవక, జేబులో పట్టేస్తుంది. పియానో కొనలేనివాడు, పత్తి చేలో కూలికి పోయేవాడు కూడా దీన్ని కొనుక్కోగలిగాడు.

జర్మన్ జానపద గీతాలకూ నాట్యగీతాలకూ తగ్గట్టు అమర్చిన స్వరాలివి. ఎక్కడ ఊదినా స, గ, ప మాత్రమే పలుకుతాయి. రి, మ, ద, ని కావాలంటే పీల్చాలి. అంటే పాటకు ఇల్లు ఊదడంలో ఉంది, పీల్చడం దారిమధ్య మజిలీ. అమెరికా దక్షిణాది నల్లవాళ్లు ఈ లెక్కను తలకిందులు చేశారు. రెండో రంధ్రంలో పీలిస్తే పంచమం వస్తుంది. దాన్నే షడ్జంగా పెట్టుకుని వాయించారు. మన సంగీతం తెలిసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది: గ్రహభేదం. శంకరాభరణంలో పంచమాన్ని షడ్జం చేస్తే హరికాంభోజి పుడుతుంది కదా, ఆ స్వరాల మీదే వాళ్ల బ్లూస్ సంగీతం కూర్చుంది. ఒక శ్రుతి కోసం కర్మాగారంలో అమర్చి పంపిన వాద్యాన్ని మరో శ్రుతిలో వాయించే ఈ పద్ధతిని ‘క్రాస్ హార్ప్’ అంటారు.

అంతకంటే గొప్ప సంగతి ఇంకొకటి. పీలుస్తూ నాలుకనూ గొంతునూ సవరిస్తే రీడు తన స్వరం నుంచి కిందికి జారుతుంది. గాంధారం బరువెక్కి, విరిగి, మనిషి ఏడుపులా వినిపిస్తుంది. వీణ మీద తీగ లాగి గమకం పలికించినట్టే. మౌత్ ఆర్గాన్‌కు దగ్గరి చుట్టమైన హార్మోనియం ఈ పని చేయలేదు. మెట్టు నొక్కితే ఉన్న స్వరం ఉన్నట్టే మోగుతుంది. గమకాలు పలకవన్నది ముఖ్యమైన కారణంగా 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించింది, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అదే జాతి ఇత్తడి రీడును ఊపిరితో వంచి గమకం రాబట్టినవాళ్లు చదువు లేని కూలీలు. నా దృష్టిలో ఈ వాద్య చరిత్రలో అసలైన ఆవిష్కరణ ఇదే, తయారీ కాదు.

ఆ విద్య లిటిల్ వాల్టర్ చేతిలో శిఖరానికి చేరింది. లూసియానాలోని మార్క్స్‌విల్‌లో 1930లో పుట్టిన వాల్టర్ కుర్రతనంలోనే షికాగో చేరి, బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంలో వాయించాడు. కరెంటు గిటార్ల హోరులో ఈ పలచని గొంతు వినబడేదెలా? చవకరకం మైకునూ మౌత్ ఆర్గాన్‌నూ కలిపి రెండు దోసిళ్లలో బిగించి పట్టి, ఆంప్లిఫయర్ గరగరలాడేదాకా వాయించాడు. శాక్సాఫోన్‌లా నిండుగా, అంతకన్నా గరుకుగా కొత్త నాదం వచ్చింది. 1952లో రికార్డయిన ‘జూక్’లో గాత్రం లేదు, ఉన్నదంతా ఆయన ఊపిరే. బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో అది ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. 1968లో ఒక వీధి తగాదా తర్వాత, 37 ఏళ్లకే చనిపోయాడు. ఆయన సమాధి మీద పేరున్న రాయి పడింది 1991లో.

బెయిలీకీ న్యాయం దక్కలేదు. ఓప్రీ బృందంతో ఊరూరా తిరిగినప్పుడు తెల్లవాళ్ల హోటళ్లు ఆయనను లోపలికి రానివ్వలేదు. పాటల హక్కుల వివాదం రేగిన 1941లో కార్యక్రమం నుంచి తప్పించారు. నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకొని బతికాడు. 1982లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2005లో.

బ్లూస్‌కు అవతల, పక్కన బటన్ నొక్కితే అరస్వరాలూ పలికే క్రొమాటిక్ రకం మౌత్ ఆర్గాన్‌తో ల్యారీ ఆడ్లర్ కచేరీ మందిరాలకెక్కాడు. స్వరకర్త వాన్ విలియమ్స్ అంతటివాడు ఆయన కోసం రచన చేశాడు. కమ్యూనిస్టు ముద్రపడి అమెరికాలో అవకాశాలు మూసుకుపోతే లండన్‌లో స్థిరపడ్డాడు. హార్మోనికా అనే పేరు ఆయనకు గిట్టదు, మనలాగే మౌత్ ఆర్గాన్ అనేవాడు. బెల్జియం నుంచి వచ్చిన టూట్స్ థీలమన్స్ దీనికి జాజ్ నేర్పాడు. 1963లో పదమూడేళ్ల స్టీవీ వండర్ ఇదే వాద్యం మోగించిన ‘ఫింగర్‌టిప్స్’తో అమెరికా పాప్ జాబితాలో మొదటి స్థానానికి చేరాడు.

మన చెవులకు ఈ నాదాన్ని అలవాటు చేసింది హిందీ సినిమా. ‘సోల్వా సాల్’ (1958)లో దేవానంద్ రైలుపెట్టెలో వహీదా రెహమాన్‌ను ఉద్దేశించి పాడే పాట వెనక మౌత్ ఆర్గాన్ వాయించింది ఆర్.డి. బర్మన్. ఆ వహీదా మూడేళ్ల ముందే ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు నాట్యమాడిన మన వహీదానే. ‘దోస్తీ’ (1964)లో కుంటి కుర్రవాడి చేతిలో కనిపించే మౌత్ ఆర్గాన్ నాదమూ బర్మన్‌దే. ‘షోలే’ (1975)లో వాయించింది భాను గుప్తా. లాంతర్లు ఒక్కొక్కటే ఆర్పుతూ తెల్లచీరలో జయాబాధురి, దిగువన అమితాబ్. వితంతువుతో నోరువిప్పి చెప్పలేని మాటను దర్శకుడు ఆ వాద్యానికి అప్పగించాడు. ఇన్నిసార్లు చూశాక కూడా నాకు ఆ సినిమాలో తుపాకుల మోత కంటే ముందు గుర్తొచ్చేది ఆ నాదమే.

మన తిరునాళ్లలో పిల్లలకు కొనిచ్చే మౌత్ ఆర్గాన్లు చాలావరకు జంటరీడ్లవి, వాటిలో స్వరం సులువుగా వంగదు. అందుకే మీ ఇంట్లో పిల్లలు సరదా పడితే పది రంధ్రాలదే కొనివ్వండి. ముందుగా ‘జూక్’ వినిపించండి, మూడు నిమిషాలైనా ఉండదు. తర్వాత రెండో రంధ్రం దగ్గర పెదాలు ఆనించి, ఊదకుండా మెల్లగా ఊపిరి లోపలికి పీల్చమనండి.